పట్టాల మీది పరికరానికి పరీక్ష పెట్టవలసినది ఎవరు?

ఖరగ్‌పూర్ అనగానే మనలో చాలామందికి మొదట గుర్తుకు వచ్చేది ఆ స్టేషనులోని పొడవైన ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం ఎన్నో ఏండ్లపాటు ప్రపంచంలోకెల్ల పొడవైనదిగా పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి ఆ ఖ్యాతిని అందుకొన్నాయి. అయితే ఖరగ్‌పూరుకు ఎవరూ మించిపోలేని చరిత్ర మరొకటి ఉన్నది. అది అక్కడి వర్క్‌షాపులలో, షెడ్లలో, పట్టాల వెంట తరతరాలుగా పనిచేసిన కార్మికుల చరిత్ర. అందులో తెలుగువారి పాలు చిన్నది కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. తూర్పు తీరపు రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఆ కంపెనీలో కలిసినది. దానితో ఉత్తరాంధ్రలోని ఊళ్ళూ, ఖరగ్‌పూరూ ఒకే కంపెనీ మార్గంపైకి వచ్చినవి. పని వెదుక్కుంటూ బయలుదేరిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడి, ఆ పట్టణాన్ని తమదిగా చేసికొన్నాయి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన తరువాత కూడా ఆ బంధం కొనసాగినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన పేరు ఖరగ్‌పూరే.

ఇటువంటి శ్రామిక పట్టణంలోనికి నేడు కొత్త తరహా పనిముట్లు వచ్చి చేరుతున్నవి. అవి ఒంటరిగా పనిచేసే పనిముట్లు కావు. ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే, నెట్‌వర్క్ ద్వారా సమాచారం పంపుకొనే స్మార్ట్ పరికరాలు. వీటిని తయారు చేసేటప్పుడు వాడేవారిని కూడా కలుపుకొనిపోవాలని నిపుణులు చెబుతున్నారు. మరి, అలా కలిసి తయారు చేసిన సేవ నిజంగా బాగున్నదో లేదో తేల్చేది ఎలా? ఆ తీర్పు ఎవరిది? మన సంస్థలో కూడా రోజుకొక యాప్, పూటకొక పరికరం ప్రవేశిస్తున్న ఈ కాలంలో, ఆ ప్రశ్నను ఖరగ్‌పూర్ నేపథ్యంలో పరిశీలించదలచినాము.

పాత పట్టణం – కొత్త సేవలు

ముందుగా కొన్ని సంగతులు గుర్తుచేసికొందాము. 2017 నవంబరులో ఖరగ్‌పూర్ స్టేషనులో పాత రిలే ఇంటర్‌లాకింగ్ స్థానంలో కంప్యూటర్ ఆధారితమైన సాలిడ్ స్టేట్ ఇంటర్‌లాకింగ్ అమర్చబడినది. 800 రూట్లను ఏర్పరచగల ఆ వ్యవస్థ ఆసియాలోనే పెద్దదని రైల్వే అధికారులు ప్రకటించినారు. ఇస్రో సహకారంతో రూపొందిన మరొక వ్యవస్థలో, ఇంజనులో అమర్చిన పరికరం ఉపగ్రహాల సాయంతో ముప్పై సెకన్లకొకసారి రైలు ఎక్కడున్నదో తెలియజేస్తుంది. 2020 ఆగస్టులో రైల్వే ఉద్యోగులకు ఇ‑పాస్ విధానం వచ్చినది. కాగితపు పాసు కోసం ఆఫీసు చుట్టూ తిరిగిన కుటుంబాలు ఇప్పుడు సెల్‌ఫోనులో దరఖాస్తు పెట్టుకొంటున్నాయి. రైల్వే ఆసుపత్రికి వెళ్ళే ఉద్యోగులకు, పెన్షనుదారులకు, వారి కుటుంబ సభ్యులకు 'ఉమీద్' అనే వైద్య గుర్తింపు కార్డు ఏర్పడినది.

ఈ సేవలను వాడేవారు ఒకే రకం మనుషులు కారు. కేబినులో కూర్చున్న స్టేషను మాస్టరు, పదవీ విరమణ చేసిన ఫిట్టరు, ఆయన భార్య, కాలేజీలో చదివే మనుమరాలు, అందరూ వాడుకరులే. మనుమరాలికి అర నిమిషంలో అయ్యే పని తాతగారికి ఒక పూట పట్టవచ్చును. ఆయన పనిని ఆమె చేసిపెట్టినప్పుడు 'దరఖాస్తు విజయవంతము' అని కంప్యూటర్ లెక్క వేసికొంటుంది. తాతగారు మరొకరిపై ఆధారపడవలసి వచ్చినదన్న సంగతి మాత్రం ఆ లెక్కలోనికి రాదు. వాడుకరి అనుభవాన్ని ప్రత్యేకంగా అంచనా వేయవలసిన అవసరం ఇక్కడనే మొదలవుతున్నది.

అనుభవమనగా నేమి?

అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఈ విషయమై ఐ.ఎస్.ఓ. 9241‑210 అనే ప్రమాణాన్ని 2010లో వెలువరించి, 2019లో సవరించినది. దాని సారాంశమేమనగా: ఒక వస్తువును లేదా సేవను వాడినందువలన మనిషికి కలిగే భావనలు, స్పందనలు మాత్రమే గాక, వాడబోతున్నామన్న ఎదురుచూపులో కలిగేవి కూడా అనుభవం కిందకే వస్తాయి.

ఈ చివరి మాట మనకు ముఖ్యము. కొత్త పరికరం వస్తున్నదనగానే ఉద్యోగి మనస్సులో మెదిలే అనుమానం, భయం, ఆశ అన్నీ అనుభవంలోని భాగాలే. 'ఇది నన్ను కాపాడటానికా, కాపలా కాయటానికా?' అని అతడు అడిగితే, దానిని మొండితనమని కొట్టిపారవేయరాదు. పరీక్ష ఆ ప్రశ్నతోనే మొదలు కావలయును.

కీమాన్ చేతిలోని పరికరం

ఒక్క ఉదాహరణ తీసికొందాము. రైలుమార్గాన్ని కాపాడే ఉద్యోగులలో కీమాన్ ప్రతిదినము తన బీటులోని పట్టాల వెంట నడచి, వదులైన బిగింపులను సరిచేస్తాడు. పట్టాలో పగులేమైనా ఉన్నదా అని చూస్తాడు. చలికాలపు రాత్రులలో, వానకాలంలో పెట్రోల్‌మాన్ లాంతరు, జెండాలు, డిటోనేటర్లు వెంటబెట్టుకొని గస్తీ తిరుగుతాడు. నేడు ట్రాక్ మెయింటెయినర్లని పిలువబడే ఈ ఉద్యోగులలో స్త్రీలు కూడా ఉన్నారు. మనము బెర్తుపై నిశ్చింతగా నిద్రపోతున్నామంటే, చీకటిలో ఒకరు మన ముందు నడచి వెళ్ళినందువల్లనే.

పాత పద్ధతిలో గస్తీకి సాక్ష్యము పెట్రోల్ పుస్తకము. ఒక పెట్రోల్‌మాన్ తన హద్దు చివరికి చేరి, అవతలి బీటువానితో ఆ పుస్తకం మార్చుకొనేవాడు. ఆ పుస్తకానికి బ్యాటరీ అక్కరలేదు. పైగా, ఆ మార్పిడిలో ఇద్దరు మనుషులు ఒకరినొకరు క్షేమంగా చూచుకొనేవారు. ఇటీవలి కాలంలో భారతీయ రైల్వేలలోని పలు డివిజన్లు ఈ ఉద్యోగులకు జి.పి.ఎస్. ట్రాకర్లు ఇచ్చినాయి. ఉద్యోగి ఎక్కడ ఉన్నదీ పర్యవేక్షకునికి ఫోనులో కనిపిస్తుంది. ఆపద సమయంలో నొక్కుటకు ఒక బటను ఉంటుంది. లైనుపై పనిచేసేవారికి రైలు రాకను ముందుగా తెలిపే 'రక్షక్' వంటి చేతి పరికరాలు కూడా వచ్చినవి.

ఇప్పుడు ఇటువంటి పరికరాన్ని ఒకే డబ్బాగా చూడకుండా, ఒక గొలుసుగా చూద్దాము. రాత్రి రెండు గంటలకు పెట్రోల్‌మాన్ పట్టాలో పగులు చూచి బటను నొక్కినాడనుకొందాము. అక్కడ సిగ్నలు ఉండవలెను. సందేశము వెళ్ళవలెను. అవతల ఎవరి ఫోను మ్రోగవలెనో ముందే నిర్ణయమై ఉండవలెను. ఆ వ్యక్తి మేలుకొని ఉండవలెను. తాను చేయవలసినది ఏమిటో అతనికి తెలిసి ఉండవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, 'నీ కబురు అందినది' అన్న జవాబు బటను నొక్కినవానికి తిరిగి చేరవలెను. ఆ జవాబు రాకపోతే, చీకటిలో నిలబడిన మనిషికి తన చేతిలోనిది పనిచేసినదో లేదో తెలియదు. అప్పుడతడు యంత్రాన్ని నమ్మి నిలబడవలెనా, పాత పద్ధతిలో ఎర్ర దీపంతో రైలుకు ఎదురు పరుగెత్తవలెనా?

బటను నునుపుగా ఉన్నదా, తెర అందంగా ఉన్నదా అన్న ప్రశ్నలు దీని తరువాతనే. అనుసంధాన పరికరాలతో నడిచే సేవలో ఒక్కరి అనుభవాన్ని విడదీసి కొలవలేము. నొక్కినవాని అనుభవము, అందుకొన్నవాని అనుభవము, వీరిద్దరి నడుమ గడచిన సమయము, ఈ మూడూ కలిపితేనే ఆ సేవకు కొలత.

కలిసి తయారు చేయుట కొత్త ఆలోచన కాదు

పనిముట్ల రూపకల్పనలో కార్మికుని మాటకు చోటుండాలన్న భావన ఈనాటిది కాదు. 1970ల ఆరంభంలో నార్వే దేశంలో క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి పనిచేసినాడు. తమ కర్మాగారాలలోనికి వస్తున్న కంప్యూటర్ల గురించి కార్మికులే అధ్యయనం చేసి, తమ అభిప్రాయాన్ని ఏర్పరచుకొనేటట్లు చూచుట ఆ కృషి ఉద్దేశము. 1981 – 85 మధ్య స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు ముద్రణాలయ కార్మికులతో కలిసి 'యుటోపియా' అనే ప్రణాళిక నడిపినారు. అప్పటికి లేజర్ ప్రింటర్లు సామాన్యులకు అందుబాటులో లేవు. అందుచేత వారు అట్టపెట్టెలనే ప్రింటర్లుగా భావించి, వాటి ముందు నిలబడి పని చేసినట్లు నటించి చూచినారు. అట్టపెట్టెను తప్పుపట్టుటకు ఎవరికీ జంకు ఉండదు. దానిని మార్చుటకు ఖర్చు కాదు. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని బాగాలేదని చెప్పుటకు క్రింది ఉద్యోగికి నోరు రాదు. చెప్పినా అప్పటికే ఆలస్యమైపోతుంది.

ఖరగ్‌పూరుకు కూడా ఈ విషయంలో ఒక వారసత్వమున్నది. 1927లో అక్కడి రైల్వే కార్మికులు చేసిన సమ్మె కార్మికోద్యమ చరిత్రలో పేర్కొనదగినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘానికి నాయకత్వము వహించిన వారిలో మన వరాహగిరి వెంకటగిరిగారు ప్రముఖులు. ఆయనే 1969 నుండి 1974 వరకు భారత రాష్ట్రపతిగా పనిచేసినారు. ఆనాడు కార్మికుడు తన మాట వినవలెనని అడిగినది జీతము, ఉద్యోగ భద్రతల విషయంలో. ఈనాడు తన చేతిలో పెట్టే పరికరం విషయంలో కూడా ఆ మాటే అడుగవలసి ఉన్నది.

కొలిచే పద్ధతులు

ఇక పద్ధతుల సంగతి. వీటిలో కొన్ని మన సంస్థలో కూడా సులభంగా ఆచరించదగినవి.

మొదటిది, పనిచేస్తూ పైకి మాట్లాడించుట. పరికరం చేతికిచ్చి, 'మీరు చేస్తున్నదీ, అనుకొంటున్నదీ పైకి చెప్పండి' అని కోరుతారు. ఎక్కడ ఆగినాడు, ఎక్కడ తడబడినాడు, ఏ గుర్తును మరొకటిగా అర్థము చేసికొన్నాడు అన్నది ప్రక్కనున్నవారు వ్రాసికొంటారు. వారు సాయము చేయరాదు, దిద్దరాదు. ఏ.సి. గదిలో కుర్చీ వేసి చేసే పరీక్ష ఇందుకు చాలదు. వానలో తడిసిన వ్రేళ్ళతో తెర పలుకుతున్నదా, ఎండలో అక్షరాలు కనబడుతున్నవా, ఒక చేతిలో సుత్తి ఉండగా రెండవ చేతితో బటను అందుతున్నదా అన్నది పనిచేసే చోటనే చూడవలెను. లైను మీద పరీక్ష చేసేటప్పుడు మాత్రం రక్షణ ఏర్పాట్లు ముందు, పరీక్ష తరువాత.

ఎంతమందితో చేయవలెను? నీల్సన్, లాండవర్ అనే పరిశోధకులు 1993లో ఒక లెక్క ప్రకటించినారు. దాని ప్రకారము ఒక్క వాడుకరితో పరీక్షిస్తే లోపాలలో సుమారు 31 శాతము బయటపడతాయి. ఐదుగురితో అయితే దాదాపు 85 శాతము. కావున తక్కువ మందితో పలుమార్లు పరీక్షించి, ప్రతిసారీ సరిదిద్దుట మేలని తేలినది. అయితే ఆ ఐదుగురూ ఒకే తీరువారైతే ప్రయోజనము లేదు. పాతికేళ్ళ యువకుడు, యాభై ఐదేళ్ళ అనుభవశాలి, మహిళా ఉద్యోగి, రాత్రి డ్యూటీవారు, తెలుగు మాత్రమే ధారాళంగా చదవగలవారు, ఒక్కొక్క తీరువారి నుండి కొందరు ఉండవలెను.

రెండవది, ప్రశ్నావళి. జాన్ బ్రూక్ 1986లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో రూపొందించిన పది వాక్యాల ప్రశ్నావళి నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఒక వాక్యము మెచ్చుకొనేది, మరుసటిది తప్పుపట్టేది, ఈ విధంగా మార్చి మార్చి ఉంటాయి. ప్రతి దానికి 1 నుండి 5 వరకు గుర్తు పెట్టవలెను. బేసి వాక్యాల గుర్తులో నుండి 1 తీసివేసి, సరి వాక్యాల గుర్తును 5లో నుండి తీసివేసి, మొత్తాన్ని రెండున్నరతో హెచ్చించగా నూటికి ఇంత అని మార్కు వస్తుంది. సామాన్యంగా 68ని సగటుగా భావిస్తారు.

ఈ లెక్కలో ఒక తిరకాసు ఉన్నది. అన్నింటికీ మధ్యస్థంగా 3 పెట్టినవానికి 50 వస్తుంది. పై అధికారి ఎదుట మొహమాటపడి, వాక్యాలు చదవకుండానే అన్నింటికీ 5 పెట్టినవానికి కూడా 50 వస్తుంది! ఇద్దరి మనస్సులూ వేరు, మార్కు ఒక్కటే. కావున సగటు మార్కుతో తృప్తిపడక, కాగితాలు కూడా తిరగవేయవలెను. అన్నిటా ఒకే గుర్తు కనిపిస్తే, ఆ ఉద్యోగి పరికరం గురించి గాక తన భయం గురించి చెప్పినాడని గ్రహించవలెను.

మూడవది, దినచర్య. మొదటి రోజున ముచ్చటగా అనిపించిన పరికరం నెల తిరిగేసరికి బరువు కావచ్చును. మొదట విసుగు కలిగించినది అలవాటై ఆప్తమూ కావచ్చును. సాఫ్ట్‌వేర్ మార్పుతో నిన్నటి బటను ఈనాడు మరొక చోటికి పోవచ్చును. అందుచేత ఆరేడు వారాలపాటు అనుభవాన్ని గమనించుట మంచిది. వ్రాయుట భారమనుకొనేవారు రోజుకొక నిమిషము తమ మాటలలో ఫోనులో రికార్డు చేసి ఇస్తే చాలును.

ఏ భాషలో అడుగుతున్నాము?

ఖరగ్‌పూర్ వీధులలో బెంగాలీ, హిందీ, తెలుగు, ఒడియా అన్నీ వినిపిస్తాయి. అక్కడి తెలుగువారిలో ఇంట తెలుగు మాట్లాడి, బడిలో మరొక భాష చదివి, డ్యూటీలో హిందీ వాడేవారు ఉన్నారు. అటువంటివారికి ఇంగ్లీషు ప్రశ్నావళిని ఇచ్చి టిక్కు పెట్టించుకొంటే వచ్చే ఫలితము పరికరం గురించా, ఇంగ్లీషు గురించా? తప్పుపట్టే వాక్యాలను తెలుగులోనికి తెచ్చునప్పుడు 'అనవసరంగా కష్టంగా లేదని అనుకోను' వంటి మెలికలు పడకుండా చూడవలెను. ముందుగా ఇద్దరు ముగ్గురిచేత పైకి చదివించి, వారికేమి అర్థమైనదో చెప్పించుకోవలెను. చదవలేనివారికి చదివి వినిపించవలెను. ఆ చదివేవారు వారి పై అధికారి కారాదు.

సమాచార గోప్యత విషయంలో కూడా భాష ప్రసక్తి ఉన్నది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే వీలుండాలని చెబుతున్నది. ఆ షెడ్యూలులో తెలుగు ఉన్నది. ఉద్యోగి నడక వివరాలు ఎంతకాలము దాచబడతాయి, ఎవరు చూస్తారు, డ్యూటీ ముగిసిన తరువాత పరికరం ఆగిపోతుందా అన్నవి అతని భాషలో ముందే చెబితే, 'కాపలా కాయటానికా' అన్న ప్రశ్నకు సగము జవాబు దొరికినట్లే. మిగిలిన సగము, ఆ వివరాలను సంస్థ ఎట్లా వాడుతున్నదో చూచిన తరువాతనే తేలుతుంది.

విన్న మాట ఏమైనది?

సలహా పెట్టెలు లేని ఆఫీసు ఉండదు. అందులో వేసిన కాగితము ఏమైనదో తెలియక, రెండవసారి వేయనివారూ తక్కువ కాదు. కలిసి తయారు చేయుటకూ, కేవలము అభిప్రాయ సేకరణకూ తేడా ఇక్కడనే. చెప్పిన మాట వలన వస్తువు మారవలెను. మారకపోతే ఎందుకు మారలేదో చెప్పినవానికి తెలియవలెను.

రైల్వేలలోనే ఒక ఉదాహరణ ఉన్నది. సాధారణ టికెట్లను సెల్‌ఫోనులో కొనుటకు యు.టి.ఎస్. యాప్ 2014లో వచ్చినది. టికెట్ లేకుండా ప్రయాణించి, తనిఖీ సిబ్బంది కనబడగానే కొనకుండా ఉండేందుకు స్టేషనులో, రైలులో ఉన్నప్పుడు బుకింగు సాగకుండా కట్టడి చేసినారు. స్టేషనుకు మరీ దూరంగా ఉన్నా టికెట్ దొరికేది కాదు. మొదటి నిబంధనకు కారణమున్నది. రెండవది ఇంటినుండి బయలుదేరేవారికి ఇబ్బంది కలిగించినది. ప్రయాణికుల సౌకర్యార్థము ఆ దూరపు హద్దును 2022లో పెంచి, 2024లో తొలగించినారు. స్టేషనుకు వచ్చినవారు క్యూ.ఆర్. కోడ్ ద్వారా కొనుక్కొనే మార్గము ఏర్పడినది. 2025 జూలైలో ఇటువంటి సేవలన్నింటినీ ఒకచోట చేర్చిన రైల్‌వన్ యాప్ ప్రారంభమైనది. అంటే, ఒక సేవ ప్రారంభమైన పదేళ్ళ తరువాత కూడా నిబంధన మారవచ్చును. ఆ పదేళ్ళను పది వారాలకు తగ్గించుటకే తయారీ దశలో వాడుకరిని కూర్చుండబెట్టుకొనుట.

మన కర్తవ్యము

మన సంస్థలో ఈసారి కొత్త యాప్ గాని, హాజరు యంత్రము గాని, భద్రతా పరికరము గాని ప్రవేశపెట్టునప్పుడు మూడు పనులు చేయవచ్చును. కొనుగోలు ఉత్తర్వు వెలువడక ముందే, ఆ పనిముట్టును వాడబోయే ఐదారుగురిని పిలిచి నమూనా చూపించుట. వారు చెప్పినది, దానిపై తీసికొన్న నిర్ణయము రెండు వరుసలలో వ్రాసి నోటీసు బోర్డులో పెట్టుట. ఆరు వారాల తరువాత అదే మనుషులను మళ్ళీ అడుగుట. వీటికి పెద్ద బడ్జెటు అక్కరలేదు.

అదే సమయంలో మన ఉద్యోగ సోదర సోదరీమణులకు, వారి కుటుంబాలకు కూడా ఒక మనవి. అభిప్రాయము అడిగినప్పుడు 'అంతా బాగున్నది' అని సరిపెట్టవద్దు. బటను అందకపోతే అందలేదని, అక్షరము కనబడకపోతే కనబడలేదని చెప్పండి. మీరు మొహమాటపడి చెప్పని ఆ ఒక్క లోపము, ఏదో ఒక రాత్రి, పట్టాల మీద ఒంటరిగా నిలబడిన మనవంటి మరొక ఉద్యోగికి ఎదురు కావచ్చును.